షేర్‌పాయింట్‌లో ఫైల్ మారితే కాన్‌ఫ్లుయెన్స్ పేజీ కూడా మారాలి, ఇలా ఫ్లో పెట్టి నడుపుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదావరి_గట్టు
మా టీమ్ డాక్యుమెంట్లన్నీ షేర్‌పాయింట్ లైబ్రరీలో (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫైళ్లు దాచే చోటు) ఉంటాయి, ఎస్‌ఓపీలు, రిలీజ్ నోట్స్, క్లయింట్ ఓకే చేసిన రిక్వైర్‌మెంట్లు, అన్నీ వర్డ్ ఫైళ్లే. సపోర్ట్ వాళ్లేమో కాన్‌ఫ్లుయెన్స్ (మా వికీ సైట్) తప్ప ఇంకోటి తెరవరు. ఇన్నాళ్లూ ఎవరో ఒకరు కాపీ పేస్ట్ చేసేవారు, ఆ ఎవరో ఒకరు ఇప్పుడు వేరే ప్రాజెక్ట్‌కి వెళ్లిపోయారు. మా మేనేజర్ గారు ఎక్కడో డెమో చూసొచ్చి "పవర్ ఆటోమేట్‌లో పెట్టేస్తే అయిపోద్ది కదమ్మా, సాయంత్రానికి చూపిస్తావా" అన్నారు. పెట్టాను (పవర్ ఆటోమేట్ అంటే మైక్రోసాఫ్ట్ టూల్, ఒకటి జరిగితే ఇంకోటి దానంతటదే జరిగేలా "ఫ్లో" కట్టొచ్చు). ట్రిగ్గర్, అంటే ఫ్లో ఎప్పుడు లేవాలో చెప్పేది, ఏమో "ఫైల్ కొత్తగా వచ్చినా, మారినా". తర్వాత హెచ్‌టీటీపీ యాక్షన్‌తో కాన్‌ఫ్లుయెన్స్ ఏపీఐకి (బయటి ప్రోగ్రామ్ దాంతో మాట్లాడే దారి) పేజీ పంపడం, వచ్చిన పేజీ లింక్ తెచ్చి అదే ఫైల్ పక్కన "వికీ లింక్" అనే కాలమ్‌లో రాయడం. మొదటిసారి పేజీ బ్రహ్మాండంగా వచ్చింది. కానీ నేను ఒక్కసారి సేవ్ చేస్తే రన్ హిస్టరీలో రెండు రన్‌లు కనిపిస్తున్నాయి, రెండోది ఎప్పుడూ ఎర్రగానే. 400 ఎర్రర్, ఈ టైటిల్‌తో పేజీ ఇప్పటికే ఉంది అంటోంది. తర్వాత ఫైల్ ఎడిట్ చేసినా అదే ఎర్రర్, పేజీ మాత్రం మారదు. ఎక్కడ తప్పుతోంది?

కోడ్_కాపరి
పైథాన్‌లో వంద లైన్ల స్క్రిప్ట్ రాసి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి స్క్రిప్ట్ నడిపేది) పడేయండి. ఈ డబ్బాలు లాగి గీతలు కలిపే బాధ ఎందుకసలు.

ఓరుగల్లు_బిడ్డ
వచ్చిండు. ఏ థ్రెడ్ల జూసినా ఇదే మాట అన్న నీది.

నిద్రలేని_అడ్మిన్
గోదావరి గారూ, రెండు వేరే వేరే సమస్యలు కలిసి కనిపిస్తున్నాయి మీకు.

మొదటిది 400. మీ ఫ్లో ప్రతిసారీ "కొత్త పేజీ చెయ్యి" అనే పంపుతోంది. కాన్‌ఫ్లుయెన్స్‌లో ఒక స్పేస్‌లో (అంటే ఒక విభాగం పేజీలన్నీ ఉండే చోట) ఒకే టైటిల్‌తో రెండు పేజీలు ఉండవు, అందుకే తిప్పి కొడుతోంది. ఉన్న పేజీని మార్చాలంటే దారి వేరు. పేజీ ఐడీతో ముందు పేజీని చదవాలి, అందులో వెర్షన్ నంబర్ ఉంటుంది, దానికి ఒకటి కలిపి కొత్త బాడీతో అప్‌డేట్ పంపాలి. ఉన్నది 7 అయితే మీరు 8 అని పంపాలి, 7 పంపినా 9 పంపినా ఊరుకోదు. అంటే పేజీ ఐడీ ఎక్కడో ఒకచోట దాచుకోవాలి.

రెండోది రెండు రన్‌లు రావడం. మీరు "వికీ లింక్" కాలమ్‌లో రాస్తున్నారు కదా, అది కూడా షేర్‌పాయింట్ లెక్కలో ఫైల్ మారినట్టే. మీ ఫ్లో చేసిన మార్పుకి మీ ఫ్లోనే మళ్లీ లేస్తోంది. ఇప్పుడు అసలు సంగతి చెప్తా వినండి: ఆ 400 ఎర్రరే మిమ్మల్ని కాపాడుతోంది. రెండో రన్ ఎర్రగా పడి ఆగిపోతోంది కాబట్టి మూడోది రావట్లేదు. ట్రిగ్గర్ సంగతి చూడకుండా ముందు 400 సరిచేశారనుకోండి, అప్‌డేట్ అవుతుంది, కాలమ్ రాస్తుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ అప్‌డేట్... ఇక ఆగదు. ముందు ట్రిగ్గర్ బాగు చేసి తర్వాత 400 జోలికి వెళ్లండి.

ఓరుగల్లు_బిడ్డ
అడ్మినన్న చెప్పింది వంద శాతం నిజం. మా పాత కంపెనీల పక్క టీమోళ్లు శుక్రవారం సాయంత్రం గిట్లనే ఫ్లో ఆన్ జేసి ఇంటికి వోయిండ్రు. సోమవారం వచ్చి జూస్తే ఒక్క పేజీకి వేల వెర్షన్లున్నయ్. ఆ పేజీని వాచ్ జేస్తున్నోళ్లందరి ఇన్‌బాక్సులు నిండినయ్, అండ్ల ఒక డైరెక్టర్ సార్ గూడ ఉన్నడు. ఆయన "ఎవలీ ఆటోమేషన్ యూజర్, ఇంత కష్టపడుతున్నడు" అని రిప్లై ఆల్ కొట్టిండు 😀

గోదావరి_గట్టు
అమ్మో. వెంటనే ఫ్లో ఆఫ్ చేసేశా. సరే, ట్రిగ్గర్‌కి ఏం పెట్టాలి?

డల్లాస్_చిన్నోడు
ట్రిగ్గర్ సెట్టింగ్స్‌లో ట్రిగ్గర్ కండిషన్ అని ఉంటుంది చూడండి. ఫ్లోకి ఒక సర్వీస్ అకౌంట్ (మనిషిది కాకుండా ఆటోమేషన్‌కే పెట్టిన లాగిన్) పెట్టుకుని, చివరగా మార్చింది ఆ అకౌంట్ అయితే లేవొద్దు అని రాస్తే చాలు. మేం ఎప్పటినుంచో ఇలాగే నడుపుతున్నాం. లోపల ఇఫ్ కండిషన్ పెట్టొద్దు, అలా పెడితే రన్ మొదలయ్యాకే ఆగుతుంది, కోటా తింటుంది, హిస్టరీ అంతా చెత్త. ట్రిగ్గర్ కండిషన్ అయితే రన్ అసలు పుట్టదు.

నిద్రలేని_అడ్మిన్
@డల్లాస్_చిన్నోడు అది పనిచేస్తుంది, కాదనను, కానీ దాంట్లో ఒక బొక్క ఉంది తమ్ముడూ. ఒకాయన ఫైల్ మార్చాడు, ఫ్లో లేచింది, అది కాలమ్ రాసేలోపే ఇంకొకాయన కూడా సేవ్ చేశాడు. ఫ్లో ఆఖరున రాసింది కాబట్టి "చివరగా మార్చింది" సర్వీస్ అకౌంట్ పేరే. ఆ రెండో ఆయన మార్పు, మళ్లీ ఎవరైనా ఫైల్ సేవ్ చేసేదాకా వికీకి రాదు, ఎర్రర్ కూడా ఉండదు. నిశ్శబ్దంగా పోతుంది.

నేనైతే ఆ లైబ్రరీలో ఫ్లో చేత అక్షరం ముక్క కూడా రాయించను. పక్కన ఒక షేర్‌పాయింట్ లిస్ట్ పెట్టండి, దాంట్లో మూడు కాలమ్‌లు చాలు: ఫైల్ ఐడీ, కాన్‌ఫ్లుయెన్స్ పేజీ ఐడీ, చివరగా పంపిన వెర్షన్. ఫ్లో వచ్చి ఆ లిస్ట్‌లో ఫైల్ ఐడీ వెతుకుతుంది, దొరికితే అప్‌డేట్, దొరక్కపోతే కొత్త పేజీ చేసి ఒక వరస కలుపుతుంది. ఫైల్‌ని ముట్టుకోదు కాబట్టి లూప్ అన్న మాటే ఉండదు. ఫైల్‌ని ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి మూవ్ చేస్తే ఆ ఐడీ మారుతుంది, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి. లైబ్రరీలో మేజర్, మైనర్ వెర్షన్లు ఆన్ చేసి, వెర్షన్ నంబర్ ".0"తో ముగిస్తేనే లేవాలి అని ట్రిగ్గర్ కండిషన్ రాయండి. అప్పుడు 3.1, 3.2 అని డ్రాఫ్టులు ఎన్ని తిరిగినా వికీకి పోవు, ఎవరో ఒకరు చదివి పబ్లిష్ కొడితే 4.0 అవుతుంది, అప్పుడే పోతుంది.

డల్లాస్_చిన్నోడు
ఆ బొక్క సంగతి నిజమే, మా దగ్గర ఎప్పుడైనా ఒకటీ అరా పేజీ పాతదే ఉండిపోతే ఎందుకో అర్థమయ్యేది కాదు. లిస్ట్ ఐడియా బాగుంది.

పల్నాటి_పిల్ల
అందరూ ఎలా కాపీ చెయ్యాలో చెప్తున్నారు, అసలు కాపీ ఎందుకు అని ఒక్కరూ అడగట్లేదే? ఫైల్ బాడీ మొత్తం వికీలోకి తెస్తే ఒకే విషయం రెండు చోట్ల ఉంటుంది. ఏదో ఒకరోజు రెండూ వేరుగా ఉంటాయి, సపోర్ట్ వాళ్లు తప్పుడు దాన్ని చదువుతారు. వికీ పేజీలో టైటిల్, ఓనర్ పేరు, ఎప్పుడు మారింది, రెండు లైన్ల సారాంశం, కింద షేర్‌పాయింట్ లింక్. అంతే. ఫ్లో కూడా చిన్నది అయిపోతుంది.

పైగా పర్మిషన్ల గొడవ ఒకటుంది. షేర్‌పాయింట్‌లో ఫోల్డర్‌కి పెట్టిన పర్మిషన్ ఫైల్‌తో పాటు కాన్‌ఫ్లుయెన్స్‌కి రాదు. మీ ఫ్లో ఏ అకౌంట్‌తో నడుస్తుందో ఆ అకౌంట్‌కి అన్నీ కనిపిస్తాయి, అది అన్నీ మోసుకొచ్చి అందరూ చూసే స్పేస్‌లో పడేస్తుంది. నేను ఇదివరకు పనిచేసిన చోట హెచ్ఆర్ వాళ్ల సబ్ ఫోల్డర్ ఒకటి అదే లైబ్రరీలో ఉండేది, వాళ్లు నలుగురికే కనిపించేలా పెట్టుకున్నారు. ఫ్లో పెట్టిన టీమ్‌కి ఆ ఫోల్డర్ ఉందనే తెలీదు. ఒక మధ్యాహ్నం ఫ్రెషర్ ఒకబ్బాయి వికీలో "బ్యాండ్" అని వెతికితే, అంటే నెట్‌వర్క్ బ్యాండ్‌విడ్త్ కోసం వెతుకుతున్నాడు పాపం, జీతాల బ్యాండ్‌ల డాక్యుమెంట్ వచ్చింది మొదటి రిజల్ట్‌గా. ఆ సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోయింది. మర్నాడు ఎవ్వరూ పని చెయ్యలేదు, అందరూ అదే లెక్కలు.

ఓరుగల్లు_బిడ్డ
ఆ పిలగానికి ప్రమోషన్ ఇయ్యాలె గదా 😂

సపోర్ట్_సుబ్బులు
@పల్నాటి_పిల్ల అక్కా మీరు చెప్పేది డెవలపర్ కుర్చీలోంచి బాగానే ఉంటుంది. రాత్రి రెండింటికి అలర్ట్ మోగితే నేను వికీ సెర్చ్‌లో ఎర్రర్ మెసేజ్ పేస్ట్ చేస్తా. ఆ అక్షరాలు పేజీలో ఉంటేనే నాకు దొరుకుతుంది. మీ రెండు లైన్ల సారాంశంలో ఆ ఎర్రర్ ఉండదు కదా. లింక్ నొక్కితే షేర్‌పాయింట్ లాగిన్ అడుగుతుంది, మా షిఫ్ట్‌లో సగం మంది వెండర్ తరఫు వాళ్లు, వాళ్లకి మీ షేర్‌పాయింట్ యాక్సెస్ లేదు. "యాక్సెస్ రిక్వెస్ట్ పంపబడింది" అని వస్తుంది, అప్రూవ్ చేసే ఆయన పొద్దున పదింటికి కాఫీ తాగాక చూస్తాడు. అప్పటిదాకా ప్రొడక్షన్ ఆగుతుందా?

పల్నాటి_పిల్ల
సరే ఒప్పుకుంటా, రాత్రి షిఫ్ట్ కోణం నేను చూడలేదు. అయితే మధ్యేమార్గం ఒకటుంది. బాడీని పేజీగా మార్చకుండా పబ్లిష్ అయిన ఫైల్‌ని పీడీఎఫ్ చేసి పేజీకి అటాచ్‌మెంట్‌గా పెట్టొచ్చు. కాన్‌ఫ్లుయెన్స్ సెర్చ్ పీడీఎఫ్, వర్డ్ అటాచ్‌మెంట్ల లోపలి అక్షరాలు కూడా చూస్తుంది, కాబట్టి సుబ్బులు గారి ఎర్రర్ మెసేజ్ దొరుకుతుంది. పేజీ మీద ఎవరూ కెలకడానికి ఉండదు. అదే పేరుతో మళ్లీ అప్‌లోడ్ చేస్తే అటాచ్‌మెంట్‌కి కొత్త వెర్షన్ అవుతుంది, పాతది పోదు. ఎస్‌ఓపీలకి ఇది చాలు. స్క్రీన్ మీద చదువుతూ చేసే రన్‌బుక్‌లకి మాత్రం పేజీయే మంచిది, అవైతే షేర్‌పాయింట్‌లో ఎందుకుండాలి అసలు? అవి వికీలోనే పుట్టాలి, వికీలోనే ఉండాలి.

సపోర్ట్_సుబ్బులు
ఇది నచ్చింది. ముఖ్యంగా ఆఖరి మాట.

నిద్రలేని_అడ్మిన్
అటాచ్‌మెంట్ దారిలో వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక, పవర్ ఆటోమేట్ హెచ్‌టీటీపీ యాక్షన్‌తో మల్టీపార్ట్ అప్‌లోడ్ పంపడం కాస్త చిరాకు పని, బాడీని ఒక ప్రత్యేకమైన జేసన్ ఆకారంలో రాయాలి. అదీకాక కాన్‌ఫ్లుయెన్స్ అటాచ్‌మెంట్ ఏపీఐ "అట్లాసియన్ టోకెన్, నో చెక్" అనే హెడర్ అడుగుతుంది, అది లేకపోతే 403 ఇస్తుంది. మీరు పర్మిషన్ సమస్య అనుకుని అడ్మిన్‌ల వెంట తిరుగుతారు. నా వెంట చాలామంది తిరిగారు.

లైసెన్స్_లెక్కలు
ఒక్క ముక్క. హెచ్‌టీటీపీ యాక్షన్ ప్రీమియం. ఆఫీస్ 365తో ఊరికే వచ్చే పవర్ ఆటోమేట్‌లో అది నడవదు. ట్రయల్‌లో కట్టి మేనేజర్‌కి డెమో చూపించి, ట్రయల్ అయిపోయాక ఫ్లో ఆగిపోయిందని ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది. @గోదావరి_గట్టు మీది ట్రయలా, లైసెన్సా?

గోదావరి_గట్టు
...ట్రయలే అండి.

లైసెన్స్_లెక్కలు
అనుకున్నా. అయితే ఇవి కూడా రాసుకోండి. ప్రీమియం లేని ఫ్లో 90 రోజులు ఒక్క రన్ కూడా లేకపోతే ఆఫ్ అయిపోతుంది. 14 రోజులు ఏకధాటిగా ఫెయిల్ అవుతూ ఉన్నా ఆఫ్ చేసేస్తారు. రన్ హిస్టరీ 28 రోజులే కనిపిస్తుంది, ఆ తర్వాత "ఫలానా రోజు ఎందుకు ఆగింది" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. అప్రూవల్ కోసం ఎదురుచూసే ఫ్లో అయితే ఒక రన్ 30 రోజులు దాటి బతకదు, మీ అప్రూవర్ పెళ్లి, హనీమూన్ అని సెలవు పెట్టేస్తే రన్ టైమ్‌అవుట్ అవుతుంది. మీ కంపెనీకి అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) ఉంటే లాజిక్ యాప్స్ అడగండి, పవర్ ఆటోమేట్ లోపల నడిచేది అదే ఇంజిన్, మనిషికి లైసెన్స్ కాకుండా నడిచినదానికి డబ్బు కట్టొచ్చు. నెలకి ఇరవై ముప్పై ఫైళ్లు పబ్లిష్ అయ్యే టీమ్‌కి అదే చవక.

కోడ్_కాపరి
ఇన్ని లైసెన్సులు, ఇన్ని రోజుల లెక్కలు. ఇప్పుడైనా పైథాన్ మాట వింటారా? మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ ఏపీఐలో డెల్టా క్వెరీ అని ఉంటుంది, పోయినసారి ఇచ్చిన టోకెన్ పంపితే అప్పటినుంచి మారిన ఫైళ్లే ఇస్తుంది. పదిహేను నిమిషాలకోసారి అడిగితే చాలు. వెంటనే తెలియాలంటే వెబ్‌హుక్ సబ్‌స్క్రిప్షన్ పెట్టుకోవచ్చు, కానీ డ్రైవ్ ఫైళ్ల మీద పెట్టే సబ్‌స్క్రిప్షన్ గరిష్ఠంగా 42,300 నిమిషాలే, అంటే 30 రోజుల లోపే, ఆలోపు రెన్యూ చెయ్యకపోతే కిమ్మనకుండా ఆగిపోతుంది. అందుకే నేను రెండూ పెడతా, వెబ్‌హుక్ మోగినా మోగకపోయినా రోజుకోసారి డెల్టా ఎలాగూ నడుస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ
అన్న నీ స్క్రిప్ట్ మస్తుంటది, నువ్వు ఉన్నన్నాళ్లు. నోటీస్ పీరియడ్‌ల ఆఖరి రోజు "ఆ స్క్రిప్ట్ ఏ మెషీన్ల ఉన్నది" అని అడిగితే ఏం జెప్తవ్? మా దగ్గర ఒకటి ఒకాయన ల్యాప్‌టాప్ల నడిచేది. ల్యాప్‌టాప్ ఐటీకి తిరిగిచ్చిండు, వికీ ఆడికే ఆగింది. రెండు నెలలదాక ఎవలికీ తెల్వలే.

కోడ్_కాపరి
ల్యాప్‌టాప్‌లో నడపడం స్క్రిప్ట్ తప్పా? రిపోలో పెట్టు, సర్వర్‌లో నడుపు, ఫెయిలైతే టీమ్స్‌కి మెసేజ్ పంపు. ఫ్లో మాత్రం ఒకళ్ల అకౌంట్ మీదే ఉంటుంది కదా, ఆయన వెళ్లిపోతే కనెక్షన్ తెగదా?

డల్లాస్_చిన్నోడు
ఇద్దరిదీ ఒకటే రోగం, సర్వీస్ అకౌంట్ లేకపోవడం. కొట్టుకోకండి.

గోదావరి_గట్టు
అప్‌డేట్: అడ్మిన్ గారు చెప్పినట్టు పక్కన లిస్ట్ పెట్టా, 400 పోయింది, లూప్ లేదు. ఇప్పుడు కొత్తది మొదలైంది. అప్పుడప్పుడు 409 వస్తోంది, వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్ అని. నేను వెర్షన్‌కి ఒకటి కలిపే పంపుతున్నా, ఒట్టు. మేజర్ వెర్షన్ల కండిషన్ ఇంకా పెట్టలేదు, లైబ్రరీ సెట్టింగ్ మార్చడానికి సైట్ ఓనర్ గారిని అడగాలి.

నిద్రలేని_అడ్మిన్
అందుకే వస్తోంది. వర్డ్‌ని బ్రౌజర్‌లో తెరిచి టైప్ చేస్తుంటే అదంతట అదే సేవ్ అవుతూ ఉంటుంది, ట్రిగ్గర్ కొద్ది తేడాలో రెండుసార్లు లేస్తుంది. మొదటి రన్ పేజీ చదివి 7 అని చూసింది, అది 8 పంపేలోపే రెండో రన్ కూడా చదివి 7 అనే చూసింది. ఇద్దరూ 8 అనే పంపారు. మొదటిది గెలిచింది, రెండోదానికి 409. ట్రిగ్గర్ సెట్టింగ్స్‌లో కంకరెన్సీ కంట్రోల్ ఆన్ చేసి 1 పెట్టండి, ఒక రన్ ముగిశాకే ఇంకోటి. కాకపోతే అది ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ చెయ్యలేరు, ట్రిగ్గర్ తీసేసి కొత్తది పెట్టుకోవాల్సిందే. ముందు ఫ్లోకి ఒక కాపీ తీసుకోండి. మేజర్ వెర్షన్ కండిషన్ వచ్చాక ఈ గొడవ చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

అచ్చుతప్పు
మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు, తెలుగులో శిక్షణ పుస్తకాలు చేసే సంస్థ. ఇక్కడ చెప్పినవన్నీ చేశాం, ఫ్లో పచ్చగా నడిచింది, పేజీ తెరిస్తే మొత్తం పిచ్చి గీతలు, చుక్కలు, ఇంగ్లీషు అక్షరాల మీద టోపీలు. కారణం ఏంటంటే పాత ఫైళ్లన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. వర్డ్‌లో తెలుగులా కనిపించేది ఫాంట్ వల్లే, లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. వికీలో ఆ ఫాంట్ ఉండదు కాబట్టి అసలు రంగు బయటపడుతుంది. సెర్చ్ కూడా పనిచెయ్యదు, పీడీఎఫ్ చేసినా అంతే, కంటికి తెలుగు, సెర్చ్‌కి చెత్త. యూనికోడ్‌కి మార్చాకే ఫ్లోలోకి పంపాలి, మార్చాక కూడా వత్తులు, గుణింతాలు మనిషి కూర్చుని చూసుకోవాలి, కన్వర్టర్ "క్ష"ల దగ్గర, "ర" వత్తుల దగ్గర తప్పులు వదిలేస్తుంది.

రెండోది ఇంకా విచిత్రం. మొదట్లో మేం పేజీని ఐడీతో కాకుండా టైటిల్‌తో వెతికేవాళ్లం. "హ్యాండ్‌బుక్" అనే ఫైల్‌కి రెండు పేజీలు తయారయ్యాయి. పక్కపక్కన పెట్టి చూసినా అక్షరం తేడా లేదు. చివరికి తేలిందేంటంటే ఒకరి కీబోర్డ్ "డ్" తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడుతుంది, ఇంకొకరిది దాని బదులు వేరే కనిపించని గుర్తు పెడుతుంది. మన కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు పేర్లు.

నిద్రలేని_అడ్మిన్
ఇది నేను ఎప్పుడూ వినలేదు. దాచుకుంటున్నా. ఐడీతోనే వెతకాలి అనడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

అచ్చుతప్పు
ఫైల్ పేర్లు తెలుగులో ఉంటే లింకులు కూడా చూసుకోండి. ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, లింక్‌లోకి వెళ్లేసరికి ఒక్కోటి తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. మన కంటికి చిన్నగా కనిపించే పేరు లింక్‌లో నాలుగు లైన్లు. వాట్సాప్‌లో పంపితే మధ్యలో తెగుతుంది. మేం ఇప్పుడు ఫైల్ పేరు నంబర్‌తో పెట్టి, తెలుగు పేరు టైటిల్ కాలమ్‌లో పెడుతున్నాం. లేదంటే సైట్ కలెక్షన్‌లో డాక్యుమెంట్ ఐడీ సర్వీస్ ఆన్ చేసుకుంటే పొట్టి లింక్ వస్తుంది, పేరు మార్చినా అది విరగదు.

డల్లాస్_చిన్నోడు
"చివరగా మారిన తేదీ" పేజీలో చూపించేవాళ్లు టైమ్ జోన్ చూసుకోండి. ఫ్లోకి వచ్చేది యూటీసీ. ఇండియాలో అర్ధరాత్రి దాటాక ఐదున్నర లోపు సేవ్ చేసిన ఫైళ్లకి ముందు రోజు తేదీ పడుతుంది. మా ఆఫ్‌షోర్ టీమ్ "మేం రిలీజ్ రోజునే మార్చాం" అంటారు, పేజీలో ముందు రోజు ఉంటుంది, క్లయింట్ ఏమో వీళ్లు రిలీజ్‌కి ముందే నోట్స్ మూసేశారు అంటాడు. కన్వర్ట్ టైమ్ జోన్ యాక్షన్ ఒకటి పెడితే పోయేదానికి గంట మీటింగ్.

కోడ్_కాపరి
వర్డ్‌ని పేజీ చేసేవాళ్లకి: పాన్‌డాక్ వాడండి. బర్క్‌లీలో ఫిలాసఫీ ప్రొఫెసర్ జాన్ మెక్‌ఫార్లేన్ రాసింది, 2006 నుంచి ఉంది. వర్డ్ ఇస్తే శుభ్రమైన హెచ్‌టీఎంఎల్ ఇస్తుంది, బొమ్మలు వేరే ఫోల్డర్‌లో తీసి పెడుతుంది. బొమ్మల్ని మాత్రం విడిగా అటాచ్‌మెంట్‌గా పంపి, పేజీలో కాన్‌ఫ్లుయెన్స్ వాళ్ల ఇమేజ్ ట్యాగ్‌తో చూపించాలి. ఇంకో సంగతి, కాన్‌ఫ్లుయెన్స్ స్టోరేజ్ ఫార్మాట్ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ పద్ధతి, ట్యాగ్ మూయకపోయినా, ఒక యాంపర్‌సాండ్ గుర్తు ఉత్తినే ఉన్నా పేజీ మొత్తం తిప్పి పంపేస్తుంది. టెక్స్ట్ మనం చేత్తో కలిపే చోట ఎస్కేప్ చెయ్యాలి (అలాంటి గుర్తుల్ని కోడ్‌గా మార్చి రాయాలి). "ఆర్ అండ్ డీ" టీమ్ పేరు మధ్యలో ఆ గుర్తు ఉన్నందుకే వాళ్ల డాక్యుమెంట్లు ఒక్కటీ వచ్చేవి కావు మా దగ్గర, వాళ్లు మమ్మల్ని కావాలనే చేస్తున్నారనుకున్నారు.

బెజవాడ_బైట్లు
మాది పన్నెండు మంది ఆఫీసు, ఆడిటర్ గారి దగ్గర. షేర్‌పాయింట్ లేదు, కాన్‌ఫ్లుయెన్స్ లేదు, అంత డబ్బు పెట్టే ఉద్దేశం మా సార్‌కి అసలే లేదు. నెక్స్ట్‌క్లౌడ్ ఉంది, బుక్‌స్టాక్ ఉంది, ఒకటి ఫైళ్లకి, ఒకటి వికీకి, రెండూ ఒకే పాత సర్వర్‌లో. వీటిని కలపడానికి ఫ్లోలు కట్టే టూల్ ఎన్‌8ఎన్ సరిపోతుందా?

నిద్రలేని_అడ్మిన్
సరిపోతుంది, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, బుక్‌స్టాక్‌కి ఏపీఐ, వెబ్‌హుక్ రెండూ ఉన్నాయి. కానీ మీకు కలపడమే అక్కర్లేదేమో. నెక్స్ట్‌క్లౌడ్‌లో కలెక్టివ్స్ అని ఒక యాప్ ఉంది, అది వికీలా కనిపిస్తుంది, దాని పేజీలు మాత్రం మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఫైల్ అదే, పేజీ అదే, ఇక సింక్ ఏముంది. ముందు అది చూసి చాలకపోతే అప్పుడు ఎన్‌8ఎన్.

బెజవాడ_బైట్లు
ఇది వాడి చూసి చెప్తా. సార్‌కి ఉచితం అన్న మాట వినిపిస్తే చాలు.

గోదావరి_గట్టు
ఫైల్ డిలీట్ చేస్తే పేజీ ఏం చెయ్యాలి? ఎవరూ చెప్పలేదు.

పల్నాటి_పిల్ల
పేజీని డిలీట్ చెయ్యొద్దు. పైన "మూల ఫైల్ తీసేశారు" అని ఒక పట్టీ, ఒక లేబుల్ పెట్టండి చాలు. షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటుంది, ఎవరో పొరపాటున నొక్కి మళ్లీ రిస్టోర్ చేస్తారు, అప్పటికి మీరు పేజీని పూర్తిగా లేపేసి ఉంటే దాని కింద ఉన్న కామెంట్లన్నీ పోయినట్టే. ఇంకా, "ఫైల్ డిలీట్ అయినప్పుడు" అనే ట్రిగ్గర్ నడవాలంటే ఆ అకౌంట్‌కి సైట్ కలెక్షన్ అడ్మిన్ హక్కులు ఉండాలి. మీ సెక్యూరిటీ వాళ్లు ఇస్తారా?

గోదావరి_గట్టు
వాళ్లా? ప్రింటర్ హక్కులే ఇవ్వరు.

పల్నాటి_పిల్ల
అయితే రాత్రికోసారి నడిచే ఇంకో ఫ్లో పెట్టి, లిస్ట్‌లో ఉన్న ఐడీలు లైబ్రరీలో ఉన్నాయో లేవో చూడటమే.

నిద్రలేని_అడ్మిన్
టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే కీ) మాట ఎవరూ ఎత్తలేదు. కాన్‌ఫ్లుయెన్స్ క్లౌడ్ ఏపీఐ టోకెన్‌ని హెచ్‌టీటీపీ యాక్షన్‌లో అలాగే టైప్ చేసి వదిలేస్తే ఫ్లో చూడగలిగిన ప్రతివాడికీ రన్ హిస్టరీలో కనిపిస్తుంది. ఆ యాక్షన్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ ఇన్‌పుట్స్ ఆన్ చెయ్యండి, వీలైతే టోకెన్‌ని అజూర్‌లో రహస్యాలు దాచే కీ వాల్ట్‌లో పెట్టండి. 2024 డిసెంబర్ తర్వాత తయారుచేసిన టోకెన్లకి గరిష్ఠంగా ఏడాదే ఆయుష్షు. టీమ్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి, లేకపోతే ఏడాది తర్వాత ఒక ఉదయం అన్నీ 401లే (లాగిన్ చెల్లదనే ఎర్రర్).

సొంత డేటా సెంటర్‌లో కాన్‌ఫ్లుయెన్స్ నడిపేవాళ్లకి పైన చెప్పిన కొన్ని వర్తించవు. వాళ్లకి పర్సనల్ యాక్సెస్ టోకెన్లు, ఏపీఐ వెర్షన్ 1 మాత్రమే, వెర్షన్ 2 క్లౌడ్‌కే. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో నడిచే ఫ్లోకి మీ ఆఫీసు లోపలి అడ్రస్ కనిపించదు కాబట్టి గేట్‌వే కావాలి.

ఓరుగల్లు_బిడ్డ
మేము ఇంకా పాత సర్వర్ ఎడిషన్‌లనే ఉన్నం అన్న.

నిద్రలేని_అడ్మిన్
సర్వర్‌కి సపోర్ట్ 2024 ఫిబ్రవరి 15నే ఆగిపోయింది కదయ్యా! ఫ్లో సంగతి తర్వాత, ముందు అక్కడినుంచి బయటపడండి.

ఓరుగల్లు_బిడ్డ
బడ్జెట్ అచ్చే ఏడు అంటున్నరు. పోయిన ఏడు గూడ గదే అన్నరు.

గోదావరి_గట్టు
ప్రస్తుతానికి ఇలా కుదిరింది. ఎస్‌ఓపీలు పీడీఎఫ్ అటాచ్‌మెంట్‌గా, పబ్లిష్ అయినప్పుడే. రిలీజ్ నోట్స్ మాత్రం పేజీగా, పాన్‌డాక్ లాజిక్ యాప్ నుంచి పిలిచే చిన్న ఫంక్షన్‌లో (కోడ్_కాపరి గారూ, మీ కోసం వంద లైన్ల పైథాన్ కూడా చేరింది, సంతోషమేనా). రన్‌బుక్‌లు షేర్‌పాయింట్ నుంచి తీసేసి వికీలోనే ఉంచేశాం. సర్వీస్ అకౌంట్‌కి మొత్తం సైట్ కాకుండా ఒక్క "పబ్లిష్డ్" లైబ్రరీకే యాక్సెస్ తీసుకున్నా, పల్నాటి గారి జీతాల కథ మా సెక్యూరిటీ వాళ్లకి చెప్తే నవ్వుతూ వెంటనే సంతకం పెట్టారు. అప్‌డేట్‌లకి మెయిల్స్ రాకుండా వెర్షన్ 1 ఏపీఐలో మైనర్ ఎడిట్ అని పంపుతున్నా.

మేనేజర్ గారు చూసి సంతోషించి ఇప్పుడు అంటున్నారు, "వికీలో ఎవరైనా సరిచేస్తే అది వర్డ్ ఫైల్‌కి కూడా వెళ్లాలి కదా" అని.

నిద్రలేని_అడ్మిన్
వద్దు.

పల్నాటి_పిల్ల
వద్దు.

కోడ్_కాపరి
మొదటిసారి వీళ్లిద్దరితో ఏకీభవిస్తున్నా. వద్దు. వికీ పేజీని తిరిగి వర్డ్ చేస్తే ఆ వర్డ్ ఫైల్‌లో ఉన్న హెడర్, ఫుటర్, సంతకాల పేజీ, ట్రాక్ చేంజెస్, కామెంట్లు ఏవీ ఉండవు. క్లయింట్ ఓకే చేసిన ఫైల్ మీద అది రాస్తే ఎవరు జవాబు చెప్తారు? ఒకే గంటలో ఇద్దరు రెండు వైపులా మారిస్తే ఎవరిది ఉంచాలో ఏ ఫ్లో చెప్పలేదు.

సపోర్ట్_సుబ్బులు
మాకు కావాల్సింది రెండు వైపుల సింక్ కాదు, తప్పు కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలియడం. పేజీ పైన "ఇందులో తప్పుందా? ఫలానా వారికి చెప్పండి" అని ఓనర్ పేరు, షేర్‌పాయింట్ ఫైల్ లింక్ పెట్టండి. యాక్సెస్ లేని మాలాంటివాళ్లు కింద కామెంట్ రాస్తాం, కామెంట్ వస్తే ఓనర్‌కి మెయిల్ పోతే చాలు.

గోదావరి_గట్టు
ఇది చెప్తే ఒప్పుకునేలా ఉన్నారు. రేపు మీటింగ్‌లో పెడతా. ఎక్సెల్ ఫైళ్ల గురించి కూడా అడిగారు, షీట్లు పేజీలో టేబుల్స్‌గా రావాలట.

కోడ్_కాపరి
ఎక్సెల్‌కి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ మొదలుపెడితే దసరా దాకా సాగుతుంది.